ట్రైనింగయిన చెయ్యి

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆ రోజుల్లో "ట్రైనింగయిన నర్సమ్మ" అంటే రెబెకమ్మే. వరికుంటపాడు దగ్గర పల్లెలో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, పట్నంలో పురుళ్ళు పోసే పని నేర్చుకుని వచ్చింది. కత్తెర మరిగించడం, బొడ్డు ముడి వెయ్యడం, కడుపు మీద చెయ్యేసి బిడ్డ తల ఎటుందో చెప్పడం, అన్నీ అక్కడ వచ్చినవే. అక్కడే ఇంకొకటి కూడా వచ్చింది. వాళ్ళకు పని నేర్పిన పెద్ద నర్సు వరదమ్మ, నొప్పులు పడే మనిషి కేకలు పెడితే తొడ మీద ఛెళ్ళున చరిచేది. "భయం పెడితేనే మాట వింటారు" అనేది. మొదట్లో రెబెకమ్మకు ఒళ్ళు జలదరించేది. పోనుపోను ఆమె చెయ్యి కూడా ఆమెను అడక్కుండానే లేవడం మొదలుపెట్టింది.

అనంతసాగరం చెరువు పక్కన చేపలు పట్టుకుని బతికే పోలేరయ్య భార్య పెంచలమ్మకు తొలికాన్పు. రెబెకమ్మ అప్పటికే ఇంకొక ఊళ్ళో పురుడు పోసి, కంటి మీద కునుకు లేకుండా, మిట్టమధ్యాహ్నం ఆ గుడిసె ముందు బండి దిగింది. లోపల పెంచలమ్మ కప్పు లేచిపోయేటట్టు అరుస్తోంది. కాళ్ళు ముడుచుకుని దగ్గరికి రానివ్వడం లేదు. రెబెకమ్మ తొడ మీద ఒకటి వేసింది. అరుపు ఆగలేదు. చెంప మీద వేసింది.

"నోరు మూసుకో! ఇంకొకసారి నోరెత్తినావంటే లేచి పోతా. నువ్వూ నీ బిడ్డా ఏమయినా గానీ."

పెంచలమ్మ నోరు మూసుకుంది. పైట చెరగు పళ్ళ మధ్య కుక్కుకుని మగబిడ్డను కన్నది. మాయ పడ్డాక కూడా నోరు విప్పలేదు. రెబెకమ్మ బిడ్డను తుడిచి అత్త వెంగమ్మ చేతికిచ్చింది. వెంగమ్మ మనవణ్ణి పక్కింటికి చూపించడానికి ఎత్తుకుపోయాక, రెబెకమ్మ బయట నీడకు వచ్చి, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయింది. ఉలిక్కిపడి లేచి లోపలికి పోయేసరికి పెంచలమ్మ పెదవులు పాలిపోయి ఉన్నాయి. కింద పరిచిన బొంత తడిసి నెత్తురు నేల మీదికి పారుతోంది.

"ఎందుకే పిలవలేదు?"

పెంచలమ్మ కష్టం మీద కళ్ళు తెరిచింది. "నోరెత్తొద్దన్నావు గదమ్మా" అంది.

రెబెకమ్మ సూదిమందు వేసింది. బండి కట్టించి, ఆత్మకూరు ఆస్పత్రి చేరేదాకా ఆ కడుపును అదిమి పట్టుకునే కూర్చుంది. పెంచలమ్మ బతికింది. మంచం మీద నుంచి లేవడానికి మాత్రం చాన్నాళ్ళు పట్టింది. అన్నాళ్ళూ పక్కింటి బాలింత ఆ పసివాడికి పాలిచ్చింది.

పోలేరయ్య రెబెకమ్మ కాళ్ళ మీద పడ్డాడు. ఉదయగిరి వచ్చినప్పుడల్లా గంపలో మంచి చేపలు ఏరి తెచ్చి ఆమె గడపలో పెట్టేవాడు. సంతలో నలుగురు కనిపిస్తే చాలు, "మా నర్సమ్మ లేకుంటే మా ఆడమనిషి మట్టిలో కలిసిపొయ్యేది" అని చెప్పేవాడు. ఆ చేపలు ఆమె పక్కింటివాళ్ళకు ఇచ్చేసేది. ఆదివారం గుడిలో మోకరిల్లితే అన్ని పాపాలూ నోటికి వచ్చేవి, ఆ ఒక్కటీ వచ్చేది కాదు. పెంచలమ్మ ఎవరికీ చెప్పలేదని పోలేరయ్య మొహం చూస్తేనే తెలిసేది. అదే ఎక్కువ కోసేది.

మరుసటేడు నర్సులకు కొత్త పద్ధతులు నేర్పడానికి ఆత్మకూరుకు ఒక లేడీ డాక్టరు వచ్చింది. పుస్తకాలు తెరవమనలేదు. అందరినీ చాపల మీద పడుకోమంది.

"పిడికిలి బిగించండి. ఇంకా గట్టిగా. ఇప్పుడు వదిలెయ్యండి. భుజాలు, దవడ, నడుము, ఒక్కొక్కటే. ఊపిరి నిదానంగా విడవండి. బిగువు ఏదో వదులు ఏదో మీ ఒంటికి తెలిస్తేనే, నొప్పుల్లో ఉన్న మనిషికి మీరు నేర్పగలరు. భయపడిన ఒళ్ళు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది."

ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి పైకెత్తి వదిలి చూసింది. అందరి చేతులూ చాప మీద పడ్డాయి. రెబెకమ్మ చెయ్యి మాత్రం కట్టెలాగా గాలిలోనే నిలబడిపోయింది.

"దించమ్మా" అంది డాక్టరు మెల్లగా.

దిగలేదు. రెబెకమ్మకు ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చాక రోజూ తలుపు మూసుకుని అదే సాధన చేసింది. చెయ్యి వదిలెయ్యడానికి కూడా నేర్చుకోవాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు పోలేరయ్య మళ్ళీ వచ్చాడు.

"మా ఇంటిదానికి నెలలు నిండినాయి. నువ్వే రావాల నర్సమ్మా. అది మాత్రం నువ్వొద్దని మొండికేసి ఉండాది. ఏంటికంటే చెప్పదు."

"నేను చెప్తా పద" అంది రెబెకమ్మ.

గుడిసె ముందు పెంచలమ్మ వల బాగుచేస్తోంది. ఆమెను చూసి దారం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. రెబెకమ్మ నేల మీదే కూర్చుంది.

"పెంచలమ్మా, ఆ దినం నిన్ను కొట్టినాను. నోరెత్తితే పోతానన్నాను. అందుకే నువ్వు నెత్తురు పోతావున్నా పిలవలేదు. నేను బయట నిద్రపొయినా. నిన్ను చావు దాకా తీసకపొయింది నేనే."

పోలేరయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని చెరువు వైపు వెళ్ళిపోయాడు.

పెంచలమ్మ దారం తెంపి వల పక్కన పెట్టింది. "కొట్టినందుకు కాదమ్మా నాకు బాధ" అంది. "ఊరంతా నిన్ను మెచ్చుకుంటావుంటే, నాకు జరిగింది కలేమో అనుకున్నా. నాకే పిచ్చేమో అనుకున్నా."

రెబెకమ్మ తల వంచుకుంది.

"వస్తే రా. నేను మాత్రం అరస్తా. నువ్వేమీ అనగూడదు."

నొప్పులు వచ్చిన రోజు పెంచలమ్మ నిజంగానే అరిచింది. బూతులు తిట్టింది. రెబెకమ్మ చెయ్యి లేచింది. లేవడం ఆమె చూసింది. పిడికిలి బిగించి, ఊపిరి విడిచి, వేళ్ళు ఒక్కొక్కటే వదిలింది. ఆ చేతినే పెంచలమ్మ నడుము కింద పెట్టి, "అరిచెయ్ తల్లీ. అరిచినాక ఊపిరి పొడుగ్గా విడువు. నాతో బాటే విడువు" అంది. పెంచలమ్మ విడిచింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. ఈసారి రెబెకమ్మ కడుపు మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎన్నిసార్లు ఎట్లా ఉందని అడిగిందో, పెంచలమ్మే విసుక్కుని, "బాగానే ఉండాను, కాసేపు పండుకోనీ" అంది.

తిరుగుదారిలో బండి తోలింది పోలేరయ్యే. ఉదయగిరి కొండ కనిపించాక వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఇంకెంతమందినమ్మా కొట్టినావు?"



ఆ మరుసటి వారం నుంచి రెబెకమ్మ తీరిక దొరికినప్పుడల్లా తను మునుపు పురుళ్ళు పోసిన ఊళ్ళకు తప్పు ఒప్పుకోవడానికి నడిచింది. కొండాపురంలో ఒకామె నవ్వి, అదంతా నాకు గుర్తే లేదంది. ఇంకొకామె కూర్చోబెట్టి, జరిగింది మొదటి నుంచీ చెప్పుకుని ఏడ్చింది. వరికుంటపాడులో ఒకామె ఆమెను చూస్తూనే తలుపు వేసుకుంది. రెబెకమ్మ ఆ తలుపు తట్టలేదు. కాసేపు ఎండలోనే నిలబడి, అక్కడి నుంచి పక్క వీధికి పోయింది. అక్కడ కూడా ఆమె పురుడు పోసిన ఇల్లు ఒకటి ఉంది.