విమానాల మైదానంలో బంతి భోజనం

పోశెట్టి బావ విమానం రెక్క మీద తడి తువ్వాలలు ఆరేస్తున్నాడు, ఆ విమానమేమో పాడి బర్రెలాగా ముక్కు నేలకు ఆనించి రన్‌వే పగుళ్లలో మొలిచిన గడ్డిని నింపాదిగా మేస్తోంది, ఇది ఏ ఊరు బావా అని అడుగుదామంటే ఊరు ఒక్కచోట నిలబడటం లేదు, ఎడమకు చూస్తే మేమిద్దరం ఏడేళ్లు వంట చేసిన ఎడారి దేశపు మిలిటరీ విమానాల మైదానం, కుడికి చూస్తే మా ఊరి తారు రోడ్డు, దాని పొడవునా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి, వాటిని తొక్కకుండా రెండు యుద్ధ ట్యాంకులు అంచు వెంబడి ఒద్దికగా పోతున్నాయి. ఆ దేశం పేరు మాత్రం అడగకండి, ఉన్నన్నాళ్లూ నేను దాన్ని సరిగ్గా పలకలేదు, వచ్చేశాక పలికి ఏం లాభం.

"బావా, నువ్వు చచ్చిపోయినవ్ కదా," అంటాను.

"అయితే? తువ్వాలలు వాటంతట అవే ఆరుతయా?" అంటాడు పోశెట్టి, ఇటు తిరగకుండానే.

చచ్చిపోయి రెండు నెలలు. పాడెకు ముందు కుడివైపు భుజం పట్టింది నేనే, ఆ సంగతి గుర్తొచ్చి భుజం తడుముకుంటాను.

"మస్తు బరువున్నవ్ బావా."

"మోసేది నువ్వేనని తెలిసే, ఆఖరి రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్న ఓదెలూ."

నవ్వుతాం. నవ్వుతూనే నాకు వచ్చిన పని గుర్తొస్తుంది, గుర్తు రాగానే నా నవ్వు నా నోట్లోంచి ఊడి పసుపు కొమ్ముల మధ్య ఎక్కడో పడిపోతుంది, వంగి వెతకబోతే పోశెట్టి నన్ను భుజం పట్టి లేపుతాడు.

"ఏమైంది?"

"నీ బిడ్డ జలజ పొద్దున ఫోన్ చేసింది. సాయంత్రం వస్తదట. ఒక మాట అడిగింది."

"ఏమడిగింది?"

"మా నాయిన నిజంగనే భయపడి విమానం కింద దాక్కున్నడా మామా, అని."

పోశెట్టి చేతిలో తువ్వాల ఆగిపోతుంది. విమానం కూడా మేత మానేసి మా వైపు చూస్తుంది.

అది నా కథ పుణ్యమే. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఏ పెళ్లిలోనైనా, ఏ దినంలోనైనా, నలుగురు కూర్చుంటే చాలు నేను మొదలుపెట్టేవాణ్ని, తిరుగుబాటుదారులు ఆ మైదానాన్ని పట్టుకున్న రోజు నేను ఒక్క గరిటెతో నాలుగు వందల మంది తుపాకులు కింద పెట్టించానని, అప్పుడు మెకానిక్కు పోశెట్టి విమానం చక్రం వెనక ముడుచుకుని గజగజ వణుకుతున్నాడని, ఆ వణుకుడు నేను లేచి నిలబడి చేసి చూపిస్తే కూర్చున్నవాళ్లు పొట్టలు పట్టుకునేవాళ్లు, అందరికంటే గట్టిగా పోశెట్టే నవ్వేవాడు, అతని ఒళ్లో కూర్చుని జలజ కూడా నవ్వేది. ఇప్పుడు జలజకు ముప్పై ఆరేళ్లు, మెట్‌పల్లిలో టైలరింగ్ షాపు నడుపుతోంది, వాళ్ల నాన్న దినానికి వచ్చినవాళ్లలో ఎవడో తాగినవాడు లేచి నా వణుకుడు చేసి చూపించాడు, ఆ పిల్ల నవ్వలేదు.

కథ అట్లా చెప్పుకొమ్మన్నది పోశెట్టే. మా ఇద్దరి వీసా కాగితాల మీదా విమానాల స్థావరం అని ఉండేది, నాది ఎవడూ పట్టించుకోలేదు గానీ, అతని కాగితాన్ని ఎవరో చదివి పోశెట్టి విమానాలు బాగుచేస్తాడట అన్నారు, ఆ మాట నడిచి నడిచి వాళ్ల మామ చెవిన పడింది, వంట చేసేవాడికి పిల్లనివ్వనన్న ఆ మనిషి విమానాల మెకానిక్కని పిలిచి మరీ పిల్లనిచ్చాడు. ఇక ఆ తర్వాత పోశెట్టి ఇంట్లో పొయ్యి దగ్గరికి కూడా పోలేదు. మేం ఆ దేశం వదిలి వచ్చేటప్పుడు విమానంలో నా చేతిలో చెయ్యేసి ఒట్టు వేయించుకున్నాడు, గరిటె పట్టింది నువ్వే, నేను అక్కడ లేను, అని.

"అందుకే వచ్చిన," అంటాను. "ఒట్టు తీస్తే తియ్యి, తియ్యనంటే తియ్యనను, ఆ పిల్లకు ఏదో ఒకటి చెప్పుకుంట."

"తీసుడో ఉంచుడో తర్వాత సంగతి. నువ్వు ముప్పై ఏండ్లు చెప్పి చెప్పి ఆ రోజును అరగదీసినవ్. నడువు, ఒకసారి చూసొద్దాం."

నాలుగడుగులు వేశామో లేదో ఆ రోజు మధ్యాహ్నం మా ముందు నిలబడి ఉంటుంది, మెస్సు వంటగది, కిటికీకి అవతల ఎండ, ఆరు రోజులుగా చుట్టూ పేలుతున్న ఫిరంగులు అప్పుడే ఆగాయి, పెద్ద అధికారులందరూ తెల్లవారకముందే ఎగరగలిగిన ఒకే ఒక్క విమానం ఎక్కి పోయారు, వాళ్ల కుర్చీలు కూడా తీసుకుపోయారని నేను కథలో చెబుతాను, పోశెట్టి పక్కనున్నాడు కనక ఇప్పుడు చెప్పను. మిగిలింది పద్దెనిమిది మంది సిపాయిలు, మేమిద్దరం, కదలని విమానాలు. కంచె తెగిన చోట దుమ్ము లేస్తుంది, దుమ్ములోంచి మనుషులు పరుగెత్తుకొస్తున్నారు.

"ఎంతమందో చెప్పు," అంటాడు పోశెట్టి.

"నాలుగు వందలు."

"ఓదెలూ."

"రెండు వందలు."

అతను నా వైపే చూస్తాడు, నేను అంకె తగ్గించిన కొద్దీ దుమ్ములో మనుషులు ఒక్కొక్కరే మాయమైపోతున్నారు, చివరికి నలభై అంటాను, సరిగ్గా నలభై మంది మిగులుతారు, పెదవులు పగిలి, కళ్లు గుంటలు పడి, వాళ్ల నాయకుడికి ఒక కాలికి బూటు, ఇంకో కాలికి చెప్పు. వాళ్లు సిపాయిల దగ్గర తుపాకులు గుంజుకుని, పద్దెనిమిది మందినీ మెస్సు గోడకు వరుసగా నిలబెడతారు. నాయకుడు చెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి కిందికి దిగితే ఏమవుతుందో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

అప్పుడు వంటగది తలుపు తెరుచుకుని ఇంకో పోశెట్టి, ముప్పై ఏళ్ల పోశెట్టి, మోచేతులదాకా పిండితో, భుజాన రొట్టెల మూట, ఒక చంకలో పళ్లాల దొంతర, ఇంకో చేతిలో పప్పు బకెట్టుతో బయటికి వస్తాడు. గోడకు నిలబడ్డ మొదటి సిపాయి చేతిలో పళ్లెం పెడతాడు, గరిటెడు పప్పు పోస్తాడు, రెండు రొట్టెలు వేస్తాడు, భుజం నొక్కి కూర్చోబెడతాడు. రెండోవాడికి అట్లాగే. మూడోవాడికి అట్లాగే. నాయకుడు ఎత్తిన చెయ్యి దించకుండానే ఏదో అరుస్తాడు, పోశెట్టి అతని దగ్గరికి కూడా పోయి ఆ ఎత్తిన చేతిలోనే పళ్లెం పెడతాడు. పప్పులో వెల్లుల్లి పోపు ఘుమఘుమలాడుతోంది. ఆరు రోజులుగా వేడి ముద్ద ఎరగని మనిషి, ఒక చేతిలో పళ్లెం, ఒక చేతిలో తుపాకి, రొట్టె తెంపుదామంటే మూడో చెయ్యి లేదు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. తుపాకి గోడకు ఆనిస్తాడు.

"చూసినవా," అంటాడు నా పక్కనున్న ముసలి పోశెట్టి. "నీ కథలో నువ్వు ఉపన్యాసం ఇస్తవ్. ఉపన్యాసం లేదు, ఏం లేదు."

కొత్తగా వచ్చినవాళ్లను పోశెట్టి సిపాయిల మధ్య సందుల్లో కూర్చోబెడతాడు, ఒక సిపాయి, ఇద్దరు తిరుగుబాటుదారులు, మళ్లీ ఒక సిపాయి, అట్లా రన్‌వే మీదికి సాగిపోతుంది బంతి, మా ఊరి పెళ్లి బంతిలాగే, ఇక్కడ కల కాబట్టి వాళ్ల ముందు పళ్లాలు పోయి మోదుగాకు విస్తళ్లు వస్తాయి, ఎవరూ ఆశ్చర్యపోరు. ఒకడు గబగబా తినేసి లేవబోతాడు. పోశెట్టి గరిటె కాడతో వాడి నెత్తిన చిన్నగా తడతాడు. "పక్కనాయన తింటుండు, కనబడ్తలేదా? బంతిల మధ్యనుంచి లేస్తరా ఎవరన్నా?" అంటాడు మన తెలుగులోనే. వాడికి భాష అర్థం కాలేదు, కానీ వాళ్ల ఇంట్లో కూడా ఎవరో ఎప్పుడో అట్లాగే తిట్టి ఉంటారు, సిగ్గుపడి మళ్లీ కూర్చుంటాడు. సిపాయిల్లో కరెంటు పని చేసే లావుపాటి మనిషికి మాత్రం విషయం అర్థమైంది, బంతి లేస్తే తన గతి ఏమిటో వాడికి తెలుసు, అందుకని రొట్టెను గోరంత ముక్కలు చేసుకుంటూ, కన్నీళ్లు తుడుచుకుంటూ తింటూనే ఉన్నాడు, తింటూనే ఉన్నాడు.

"ముప్పై రొట్టెలు తిన్నడు," అంటాను.

"పదిహేడు. వేసినోణ్ని నేను."

పొద్దు వాలేదాకా తిన్నారు. అప్పుడు వాళ్ల పెద్ద నాయకుడు జీపులో దిగి, ఏమిటిదని అడిగితే, చెయ్యెత్తిన నాయకుడి నోట్లో రొట్టె ఉండి జవాబు చెప్పలేకపోయాడు. అప్పటికే పక్కపక్కన కూర్చున్నవాళ్లు మీది ఏ ఊరంటే మీది ఏ ఊరని మాట్లాడుకుంటున్నారు. ఇంత తిన్న పక్కవాణ్ని మళ్లీ గోడకు నిలబెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. తెల్లారి పద్దెనిమిది మందినీ లారీ ఎక్కించి సరిహద్దు దాటించారు.

ఇది మాత్రం ఇన్నేళ్లూ అడగలేకపోయాను, బతికున్న మనిషిని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. "బావా, నిజం చెప్పు. వాళ్లని గోడకు ఎందుకు నిలబెట్టిండ్రో నీకు తెలుసా? లేక వరుసల నిలబడ్డరని వడ్డన అనుకున్నవా?"

"తెలుసు. తెలిసే పోయిన. నాకు తెలిసిన పని అదొక్కటే, ఇంకేం చేస్త? చేతులు ఎంత వణికినయంటే మొదటాయన కాళ్ల మీద సగం పప్పు ఒలికింది. నువ్వు చూడలేదా?" అని ఆగి, కళ్లు చికిలించి నవ్వుతాడు. "ఎట్ల చూస్తవ్. గుండిగల ఉంటివి."

ఇక దాచేదేముంది. కంచె తెగడం కిటికీలోంచి చూసి నేను నిలువెత్తు ఖాళీ పప్పు గుండిగలోకి దూకి మూత లాక్కున్నాను. విమానం చక్రం వెనక వణికినట్టు నేను చేసి చూపించే వణుకుడు ఉంది చూశారూ, అది అంత బాగా ఎట్లా వచ్చిందంటే, నాదే.

"మొదటి వాయి పప్పు అయిపోయింది," అంటాడు పోశెట్టి, "రెండో వాయికి గుండిగ కావాలని మూత తీస్తే, అందులో నువ్వు. నిన్ను తీసి పక్కన పెట్టి పప్పు ఎక్కించిన. ఆ తర్వాత నువ్వు కూడా వడ్డించినవ్ లే, అది కాదన."

"ఒట్టు సంగతి చెప్పు."

"అది ఎప్పుడో పోయింది. ఇక్కడికి వచ్చిన రోజే మా మామ ఎదురొచ్చిండు. ఏం అల్లుడూ, విమానాలు బాగుచేసే చేతులకు నూనె మరకలు ఉండాలె గదా, నువ్వు సెలవుకు వచ్చినప్పుడల్లా నీ గోళ్లల్ల పిండే ఉండేది, అన్నడు. పెండ్లినాడే తెలుసట. బిడ్డ ఆకలికి చావదని ఊకున్నడట. ఇప్పుడు రోజూ రొట్టెలు చేయిస్తుండు." పోశెట్టి నా ముఖం దగ్గరికి వంగుతాడు. "ఒట్టు అడ్డమని వచ్చినవ్ కదా. ఒట్టు లేదు. మిగిలింది గుండిగ. నీ నోరు పట్టుకున్నది నేను కాదు, అదే."

ముప్పై ఏళ్లు పెళ్లిళ్లలో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టిన కథ అది, అది పోతే నేను ఊళ్లో ఉత్త ముసలివాణ్ని.

"కొంచెం నవ్వుతరు," అంటాను.

"నన్ను చూసి నవ్వలేదా? నాకేమన్నా అయిందా?" అని, బంతి అంతా లేచిపోయాక వడ్డించినవాళ్లు తినే వేళ కదా, నన్ను రెక్క నీడలో కూర్చోబెడతాడు, మిగిలిన ఒకే ఒక్క రొట్టెను రెండుగా విరిచి, రెండు ముక్కలూ కళ్లతో తూచి, పెద్దది నాకు ఇస్తాడు, ట్యాంకుల్లో ఒకటి పసుపు కొమ్ములు ఎత్తుకుంటోంది, "తిను, చల్లారుతది," అంటున్నాడు, "మామా, లే, చల్లారుతది," అంటున్నాడు, నన్ను మామా అంటాడేమిటి ఇతను.

కళ్లు తెరిస్తే మంచం పక్కన జలజ. మూడు కాకముందే వచ్చేసింది, ఎండకు ముఖం ఎర్రబడి ఉంది, స్టీలు డబ్బాలో సర్వపిండి రొట్టె తెచ్చింది. నేను లేచి కూర్చునేలోపు ఆ పిల్ల సర్వపిండిని రెండుగా విరిచింది, రెండు ముక్కలూ ఒకసారి చూసుకుంది, పెద్దది నా చేతిలో పెట్టింది.

ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను.

"పొద్దున అడిగింది చెప్పవా మామా?"

"చెప్త బిడ్డా. విమానం కింద ఎవడూ దాక్కోలేదు," అన్నాను. "ఒకడు పప్పు గుండిగల దాక్కున్నడు. ముందుగాల వాని కథ చెప్త, నవ్వుడు అయిపోయినంక మీ నాయిన కథ చెప్త."