మీ జంట వేరొకరితో ఉంది

"ఓకే అయిపోయిందోయ్!" గుమ్మంలో చెప్పులైనా విడవకుండా కేకేశాడు మొగుడు. కంప్యూటరు మొరాయించినప్పుడు తెరమీద కనిపించే మాటలన్నిటినీ తెలుగులో రాయడం అతని జట్టు పని. పైవాళ్లు మెచ్చుకుని ఆ వేళే అందరి కంప్యూటర్లకీ పంపించేశారు. పెళ్లయి నెల తిరగని కొత్త పెళ్లాం కాళ్లు నేలమీద ఆనలేదు.

"సగం చలవ మా పక్క సీటావిడదే. ఏం తెలుగనుకున్నావ్! మాట కోసం వెతుక్కునేలోపు అందించేస్తుంది."

పాలకుండలో ఉప్పుకల్లు పడ్డట్టయింది. ఇన్నాళ్లలో తన తెలుగుని ఒక్కసారన్నా మెచ్చుకున్నాడా?

"మాటలేనా, కాఫీ కూడా అందిస్తుందా?"

"అప్పుడప్పుడూ," అన్నాడా అమాయకుడు.

ఆమె మూతి తిప్పుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. అల్మారా మీది కొత్త స్పీకరులో ఈ సాయంత్రం ఇద్దరూ కలిసి పాటలు వినాలని పొద్దుటే అనుకున్నారు. స్పీకరు గుర్తు నొక్కగానే తెరమీద ఎర్రటి పెట్టె తెరుచుకుంది.

"క్షమించండి. మీ జంట ఇప్పటికే వేరొకరితో ఉంది."

ఒళ్లు భగ్గుమంది. మళ్లీ నొక్కింది.

"మీరెంత ప్రయత్నించినా ఫలితం లేదు."

"చూశారా! ఎంత ధైర్యం ఆవిడకి! నా ఇంట్లో, నా మొహాన్నే!"

"ఆవిడకి నువ్వెవరో కూడా తెలీదే తల్లీ!"

"మరి ఆ వేరొకరెవరండీ? చెప్పండి!"

అతను నోరు తెరిచేలోపు స్పీకరే గొంతెత్తింది: "మోకాలు వంచండి... నెమ్మదిగా... ఊపిరి వదలండి..."

ఆ వెంటనే పక్క గదిలోంచి అత్తగారు అరిచింది. "ఒరేయ్, నా ఫోనులో వ్యాయామం చెప్పే పిల్ల నోరాడిస్తోంది గానీ మాట రావట్లేదురా!"

స్పీకరు జంట కట్టింది అత్తగారి ఫోనుతో! మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"అది సరే, ఆ వాక్యం ఆవిడదేగా?"

నవ్వు ఆగిపోయింది. చెవి గీరుకున్నాడు. "కాదు. 'ఈ స్పీకరు ఇప్పుడు ఇంకో ఫోనుతో పనిచేస్తోంది' అని ఆవిడ సాదాగా రాసింది. జంట అంటే అందంగా ఉంటుందని నేనే మార్చాను."

"మీ అందం తగలెయ్య! ఎన్ని కాపురాల్లో ఈపాటికి గిన్నెలెగురుతున్నాయో!" కోపమంతా కరిగి నవ్వొచ్చేసింది ఆమెకి. "రేపు మీతో ఆఫీసుకొస్తున్నా. ఆవిడకో దండం పెట్టి, ఆవిడ వాక్యాన్నే పెట్టించేదాకా కదలను."

"రా, రా. ఆవిడా సంతోషిస్తుంది."

"టేపు కూడా తెస్తా," అంది ఆమె, కుట్టుపెట్టె వెతుకుతూ. "మీ కుర్చీకీ ఆవిడ కుర్చీకీ మధ్య ఎంత దూరముందో కొలవాలి."