ఎర్ర లేబుల్ సీసాలు

లేబుళ్ళ ప్రెస్సులో ఆయన్ని అందరూ జిగురు అంటారు. పేరులో ఉన్న పట్టు మనిషిలో లేదు. భార్య ఒక మాటంటే భార్యకి అతుక్కుంటాడు, తల్లి ఒక మాటంటే తల్లికి అతుక్కుంటాడు, ఇద్దరూ ఒకేసారి అంటే మధ్యలో చిరుగుతాడు. ఆ వారం మరీ పీలికలైపోయాడు. కారణం కూతురి పుట్టినరోజు.

భార్య పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పొద్దస్తమానం పిల్లల నోళ్ళలోకి దీపం వేసి పుచ్చిపోయిన పాలపళ్ళు చూడటం ఆవిడ ఉద్యోగం. చూసి చూసి ఇంట్లో చక్కెర మీద నిషేధం పెట్టింది. ఆ ఇంట్లో పళ్ళెంలో పళ్ళుంటాయి, నోట్లో పళ్ళుంటాయి, డబ్బాలో చక్కెర మాత్రం ఉండదు. టీ చప్పన, పాలు చప్పన, ఆవిడ మాట ఒక్కటే కారం.

నాయనమ్మది ఇంకో పార్టీ.

"గ్యాసు డ్రింకు లేని పుట్టినరోజేంట్రా? పిల్లలొచ్చి మంచినీళ్ళు తాగిపోవడానికి ఇదేమన్నా బస్టాండా?"

"ఆ డ్రింకు పోస్తే వాళ్ళంతా వచ్చేవారం మా క్లినిక్కుకే వస్తారత్తయ్యా."

"మంచిదేగా. నీకు పని దొరుకుతుంది."

పోయినేడు జిగురు రాజీ కుదర్చబోయి చక్కెర లేని రకం తెచ్చాడు. దాని లేబుల్ నల్లగా ఉంటుంది. ఒక పిల్లాడు సీసా చూసి, "ఇది మా తాతయ్య తాగేది," అన్నాడు. అంతే, గ్లాసులన్నీ టపటపా కిందికి దిగాయి. పాప బాత్రూములోకెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. అతిథులందరూ వెళ్ళిపోయాక గానీ బయటికి రాలేదు. ఈసారి ముందే చెప్పేసింది. "నాన్నా, ఎర్ర లేబుల్ లేకపోతే నేను పార్టీకి రాను." పుట్టినరోజు పిల్లే రానంటే ఇక పుట్టినరోజు ఎవరికి చెయ్యాలి?

జిగురుకి దిక్కుతోచలేదు. దిక్కుతోచనప్పుడు మనిషికి చేతనైన పనే తోస్తుంది. ఆయనకి చేతనైంది అంటించడం. ఆ ఎర్ర లేబుళ్ళు వాళ్ళ ప్రెస్సులోనే అచ్చవుతాయి. రంగు కాస్త తేలిపోతే చుట్ట మొత్తం చెత్తలోకి పోతుంది. ఆ చెత్తలోంచి ఒక ముక్క చింపుకొచ్చాడు. నల్ల లేబుల్ సీసాలు కొన్నాడు. నల్లదాని మీద ఎర్రది వేసి, స్కేలు అంచుతో నొక్కి సాపు చేశాడు. లోపల ఎన్ని బుడగలున్నా పైన ఒక్క బుడగ లేదు. తల్లికి ఎరుపు, కూతురికి ఎరుపు, భార్యకి చక్కెర లేని డ్రింకు. ఒక్క దెబ్బతో ముగ్గురు ఆడవాళ్ళూ గెలిచారు. ఇలా జరగడం ఆ ఇంటి చరిత్రలో మొదటిసారి.

భార్యకి మాత్రం పార్టీ అయ్యాక చెబుదామనుకున్నాడు. ఆవిడ ఎర్ర సీసాల్ని చూసి పొద్దున్నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఆయన కాగితం చుట్టిన కానుకలా దాచుకున్నాడు. సాయంత్రం తానే విప్పుతాడు, ఆవిడ నవ్వుతుంది. ఆ నవ్వు కోసం ఎంతకాలంగా మొహం వాచి ఉన్నాడో ఆయనకే తెలుసు.

పిల్లలు వస్తుండగా కేకు తేవడానికి బేకరీకి బయల్దేరాడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. హాల్లో స్పీకరుకి పాటలు అందులోంచే వస్తున్నాయి మరి.

ఆయన వీధి మలుపు తిరిగాక బటాణీ వచ్చాడు. క్లాసులో అందరికన్నా చిన్నగా, గుండ్రంగా ఉంటాడని పిల్లలు వాడికి పెట్టిన పేరది. వాడి వెనకే వాళ్ళమ్మ, సిటీ బస్సు డ్రైవరు, ఖాకీ చొక్కాలో ఉంది.

"అక్కా, ఫోన్లో చెప్పాగా. వీడికి షుగరు. సూది వేస్తే గానీ ఏదీ తినకూడదు," అంది. "ఇవాళ ఏం పోస్తున్నారు?"

భార్య ముఖం ముడుచుకుని ఎర్ర సీసా చూపించింది. "మా ఆయన తెచ్చారు. నేను వద్దనే అన్నాను."

"పర్లేదక్కా. రోజూ నోరు కట్టేస్తే పిల్లాడేమైపోతాడు? ఎంత పోతోందో తెలిస్తే చాలు." సీసా తిప్పి వెనకాల సన్నటి అచ్చు చదివింది. గ్లాసుకి ఎంత చక్కెర ఉంటుందో పెదాల మీద లెక్క కట్టింది. "రెండు గ్లాసులు తాగుతావురా?" అని అడిగింది. బటాణీ లాటరీ తగిలినవాడిలా తలూపాడు. చొక్కా ఎత్తి, పెన్నులాంటి సూదితో రెండు గ్లాసులకి సరిపడా మందు వాడి పొట్టలోకి పొడిచింది. వాడు కనుబొమ్మ కూడా కదపలేదు.

"కేకుకి నేనే వచ్చి వేస్తాను, ఒక్క ట్రిప్పు కొట్టేసి. ఈలోపు చెమటలు పట్టినా, పిచ్చిగా మాట్లాడినా ఇదే డ్రింకు ఇంకో గ్లాసు తాగించు. దీన్ని మించిన మందు లేదక్కా."

"మందా ఇది?" అంది భార్య.

"మావాడికి."

ఆమె మెట్లు దిగిపోయింది. బటాణీ రెండు గ్లాసులూ గడగడా తాగి, పెద్దగా తేన్చి, పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించుకున్నాడు. చక్కెర కోసం వేసిన మందు లోపలికి వెళ్ళి చక్కెర కోసం వెతకడం మొదలుపెట్టింది. వచ్చిన చక్కెర లేదు గనక ఒంట్లో ఉన్న చక్కెర మీద పడింది.

బేకరీలో జిగురు కేకు మీద వేరే పిల్ల పేరు ఉంది. "గీకి మళ్ళీ రాస్తానండీ, అరగంటలో రండి," అన్నాడు బేకరీ అతను. కేకు లేకపోయినా ఇంట్లో కేకలు తప్పవనుకుంటూ జిగురు ఉత్త చేతులతో వెనక్కి బయల్దేరాడు.

ఇంట్లో అప్పటికి కుర్చీలాట నడుస్తోంది. పాట ఆగినా బటాణీ కూర్చోలేదు. కుర్చీల మధ్య నిలబడి గోడకేసి చూస్తున్నాడు.

"కూర్చోరా బటాణీ, అవుటైపోతావ్," అని ఎవరో నవ్వారు.

వాడు, "బస్సు వచ్చేసింది," అన్నాడు.

అందరూ ఇంకా నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వి, "నిద్రొస్తోందేమో, పడుకోబెట్టండి," అంది. భార్య ఒక్కతే నవ్వలేదు. దగ్గరికెళ్ళి నుదురు తాకింది. చెయ్యి తడిసిపోయింది. చొక్కా కాలరు ఈతకొట్టి వచ్చినట్టుంది.

డ్రింకు పోసి తాగించింది. వాడు సగం మింగాడు, సగం కార్చాడు. ఇంకో గ్లాసు పోసింది. తల భుజం మీదికి వాలింది. వాడి సంచిలో రక్తం చూసుకునే యంత్రం ఉంది గానీ దాన్ని వాడటం వాడికొక్కడికే తెలుసు. వాళ్ళమ్మకి ఫోను చేస్తే మోగి మోగి ఆగింది. ఆమె స్టీరింగు మీద ఉంది. అప్పుడు అంబులెన్సుకి చేసింది.

"బయల్దేరుతోందమ్మా," అంది అవతలి గొంతు. "తీపి ఏమైనా పట్టారా?"

"డ్రింకు పట్టాం. రెండు గ్లాసులు."

"ఎర్రదా, నల్లదా?"

"ఎర్రదే."

"అయితే ఈపాటికి లేవాలే," అంది ఆ గొంతు. "ఇప్పుడు మింగుతున్నాడా?"

"లేదు."

"అయితే ఇంక నోట్లో ఏమీ పొయ్యకండి, పొలమారుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చక్కెర ఉంటే తడిపి చిగుళ్ళకి రాస్తూ ఉండండి."

జిగురు గుమ్మంలోకి వచ్చేసరికి పాట ఒక్కటే మోగుతోంది. పిల్లలందరూ గోడ వారగా నిలబడి ఉన్నారు. నేల మీద ఆయన ఎరగని ఒక పిల్లాడు పక్కకి తిరిగి పడి ఉన్నాడు, కళ్ళు సగం తెరిచి.

"వీడికి షుగరండీ," అంది భార్య. పొద్దున్నుంచి ఆయనతో అన్న మొదటి మాట అది. "వాళ్ళమ్మ సీసా చదివి మందేసి వెళ్ళింది. పడిపోయాడు. డ్రింకు మీద డ్రింకు పట్టాను, లేవట్లేదు. ఎందుకు లేవట్లేదో అర్థం కావట్లేదు."

"ఏ డ్రింకు?"

"మీరు తెచ్చిందే. ఎర్రదే."

జిగురు గోడ పట్టుకున్నాడు. "అది ఎర్రది కాదు."

"కళ్ళు పోయాయిట్రా? ఎర్రగా కనబడుతుంటే," అంది నాయనమ్మ.

"పైన ఎర్రది. లోపల నల్లది. అందులో చక్కెర లేదు. నేనే అంటించాను."

అంటించడానికి రెండర్థాలున్నాయని ప్రెస్సులో ఆయన రోజూ జోకు వేస్తాడు. ఆ హాల్లో ఒక్క అర్థమే మిగిలింది. భార్య ఆయన ముఖంలోకి చూసింది. తిట్టడానికి కూడా టైము ఉండాలి, ఆవిడ దగ్గర లేదు.

"చక్కెర తెండి," అంది. "ఎక్కడినుంచైనా తెండి."

ఆయన వసారాలోకి పరిగెత్తాడు. ఎదురింటి తలుపు బాదాడు. తాళం వేసి ఉంది. దాన్నెందుకు బాదుతున్నాడో తెలియకుండానే ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. పక్క తలుపు బాదాడు. కింది అంతస్తుకి దిగి బాదాడు. సెలవురోజు మధ్యాహ్నం, ఎవరూ పలకలేదు. బేకరీ దాకా వెళ్ళి రావాలంటే ఎంతసేపు పడుతుందో ఇప్పుడే నడిచొచ్చిన కాళ్ళకి తెలుసు.

లోపల, పళ్ళెంలోని పళ్ళు మింగలేనివాడికి పనికిరావు గనక, నాయనమ్మ వంటింటి డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూస్తోంది. ఉప్పు, సోడా, పిండి, మళ్ళీ ఉప్పు. పిల్లలకి ఇవ్వడానికి కట్టిన కానుకల సంచీ ఒకటి చింపింది. టూత్ బ్రష్షు, పేస్టు.

"అమ్మాయ్, ఈ పేస్టు తియ్యగానే ఉంటుందిగా, రాయనా?"

"అందులోనూ చక్కెర ఉండదత్తయ్యా."

"ఇదేం కొంపే తల్లీ, విషానికైనా చిటికెడు తీపి లేదు," అని ముసలావిడ వంటింట్లోనే కూలబడి ఏడవడం మొదలెట్టింది.

భార్య పిల్లలవైపు తిరిగింది. "ఎవరి దగ్గరైనా చాక్లెట్టుందా? బిళ్ళలు? ఏదైనా సరే."

అందరూ నేల చూపులు చూశారు. వాళ్ళలో చాలామంది ఆవిడ దీపం కింద నోరు తెరిచినవాళ్ళే. పళ్ళ ఆంటీ చాక్లెట్టు అడిగితే ఉందని ఒప్పుకోవడం వాళ్ళ దృష్టిలో ఆత్మహత్య.

"నేనేమీ అననమ్మా," అంది. "దండం పెడతాను. వీడు పోతాడర్రా."

పిల్లలు జేబులు తిరగేసి చూపించారు. పార్టీకి వేసుకొచ్చిన కొత్త బట్టలు, కొత్త జేబులు. ఏమీ లేవు. బటాణీ కాలు ఒకసారి ఎగిరి కొట్టుకుంది.

అప్పుడు పాప కదిలింది. పుట్టినరోజు కిరీటం తల మీద పక్కకి ఒరిగి ఉంది. గదిలోకెళ్ళి, మంచం కింద దూరి, పాత బూటు ఒకటి పట్టుకొచ్చి తల్లి ముందు బోర్లించింది. హోటళ్ళలో బల్ల మీద పెట్టే చక్కెర పొట్లాలు బొలబొలా రాలాయి. కొన్ని అప్పటికే కొసలు కొరికి ఉన్నాయి.

"రోజూ తిననమ్మా," అంది. "కోపం వచ్చినప్పుడే."

తల్లి ఒకటి చింపింది. జిగురు గుమ్మంలోంచి, "ఆగు, అది చక్కెరేనా చూడు," అన్నాడు. అందులోనూ ఉత్తుత్తి తీపి రకాలుంటాయని ఆయనకి తెలుసు, ఆ పొట్లాలు కూడా ఎవరో అచ్చువేసేవే. ఆవిడ నాలుగు పలుకులు పళ్ళ మధ్య వేసుకుంది. కరకరలాడాయి, చక్కెరే. వేలు నీళ్ళలో ముంచి, చక్కెరలో అద్ది, బటాణీ బుగ్గ లోపలికి పెట్టి చిగురు వెంబడి రాసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లాడి పళ్ళకైతే చక్కెర అంటకూడదని పోరాడిందో, అలాంటి పళ్ళకే మళ్ళీ మళ్ళీ అద్ది పూసింది. చింపిన కాగితాలు నేలంతా రాలాయి. ఎవరూ పాట ఆపలేదు. ఆపాలని ఎవరికీ తోచలేదు.

"లేవరా నాన్నా. మింగరా. మీ అమ్మకి నేనేం చెప్పనురా."

ఎంతసేపో. జిగురుకి నిలబడటం చేతకాక ఒక సీసా పట్టుకుని గోటితో ఎర్ర లేబుల్ గీకుతున్నాడు. మంచి జిగురు వాడాడు, ఊడి రావట్లేదు.

"అబ్బా," అంది భార్య. "కొరికాడు."

వేలు తీసి చూసుకుంది. పళ్ళ గుర్తులున్నాయి. ఆవిడ మళ్ళీ అదే వేలు నోట్లో పెట్టింది, కొరకమని.

అంబులెన్సు వచ్చేసరికి బటాణీ కళ్ళు తెరిచి ఏడుస్తున్నాడు. యూనిఫారంలో ఉన్న కుర్రాడు వేలికి సూది గుచ్చి యంత్రం చూసి, "ఇంకా తక్కువే ఉంది. మందు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, మళ్ళీ పడిపోవచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి," అన్నాడు. వాడి చేతికి సూది పెట్టి బాటిలెక్కించాడు. స్ట్రెచరు మెట్లు దిగుతుంటే బటాణీ వాళ్ళమ్మ ఎదురైంది. ఫోన్లో మిస్డ్ కాలు చూసుకుని, బస్సుని స్టాపులోనే ఆపేసి, జనాన్ని అందులోనే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"డ్రింకు తాగించలేదా అక్కా?" అని మాత్రం అడిగింది.

జిగురు ముందుకొచ్చాడు. చేతిలో సీసా ఉంది, లేబుల్ సగం గీకి ఉంది, ఎరుపు కింద నలుపు కనిపిస్తోంది.

"తాగించారమ్మా. మీరు చదివింది తప్పు. అంటే, మీరు సరిగ్గానే చదివారు. అంటించింది తప్పు. అది నేను."

ఆమె సీసా తీసుకుని చూసింది. బొటనవేలితో ఎరుపు మీద ఒకసారి, నలుపు మీద ఒకసారి రాసింది. ఆయన చెంప పగిలిపోతుందని ఎదురుచూశాడు. పగిలితే బాగుండుననుకున్నాడు.

"మీరూ ఎక్కండి," అంది ఆమె. "ఏం పోశారో డాక్టరుకి మీరే చెప్పాలి. నేను చెబితే నా లెక్క తప్పిందంటారు."

అంబులెన్సులో జిగురు మోకాళ్ళ మీద సీసా పెట్టుకుని కూర్చున్నాడు. బటాణీ నెమ్మదిగా తేరుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. కుర్రాడు యంత్రంలో అంకె చూసి, ఇప్పుడు మింగగలడని, పెట్టెలోంచి ఒక పళ్ళరసం ప్యాకెట్టు తీసి వాళ్ళమ్మకి ఇచ్చాడు.

"కొంచెం కొంచెంగా పట్టండమ్మా."

ఆమె అలవాటుగా ప్యాకెట్టు వెనక్కి తిప్పింది. సన్నటి అచ్చు దగ్గర చూపు ఆగింది. చదవడం అయ్యాక కూడా స్ట్రా గుచ్చలేదు. కొడుకు మెడ చాచాడు. ఆమె చెయ్యి కదల్లేదు.

"ఇందులో చక్కెర ఉందా?" అని అడిగింది.

కుర్రాడు వింతగా చూశాడు. "దాని మీద రాసే ఉంది కదమ్మా."

ఆమె జిగురువైపు చూసింది. ఆ ఒక్క ప్యాకెట్టు గురించైనా అవునని చెప్పమన్నట్టు చూసింది. ఆయన మోకాళ్ళ మీది సీసావైపు తల దించుకున్నాడు. ఆమె స్ట్రా గుచ్చి ముందు తాను ఒక గుక్క తాగింది. నాలుక మీద ఆ తీపిని అలాగే ఉంచుకుని, అది ఏ తీపో తేల్చుకోలేక, కొడుకు పెదాల దగ్గర ప్యాకెట్టు పట్టుకుని, యంత్రంలోని అంకె వైపే చూస్తూ కూర్చుంది.