పాపగారి పళ్ళ వయసు

స్టూడియోలో అందరూ ఆవిణ్ణి పాపగారు అంటారు. తెరమీద ఇరవయ్యేళ్ళ హీరోయిన్ పెదాలు కదిపితే వినిపించే గొంతు ఈవిడది. ఆ గొంతు ఏడిస్తే హాలంతా ముక్కు చీదుతుంది, నవ్వితే కుర్రాళ్ళు ఈలలు వేస్తారు. కుర్రాళ్ళు వేస్తే సరే. ఒక సోమవారం మాత్రం ఈల పాపగారి నోట్లోంచే వచ్చింది. "సరసాలు చాలు" అనాలి. 'స' దగ్గర సన్నగా కుయ్‌మంది. అద్దం అవతలనుంచి సౌండ్ ఇంజనీరు, "ఇంకోసారి తీసుకుందామండీ" అన్నాడు. ఏడుసార్లు తీసుకున్నారు. ఏడుసార్లూ కుయ్‌మంది.

కారణం ఆవిడకి తెలియక కాదు. పై వరస ముందు పళ్ళ మధ్య సందు పెరుగుతోంది. ఏడాదిగా పళ్ళు తోముకున్నప్పుడల్లా నెత్తురు. కనబడగానే గబగబా పుక్కిలించి ఉమ్మేసి, కుళాయి తిప్పేసేది. చూడనట్టు ఊరుకుంటే పోతుందా! చెవిపోటు వస్తే పరుగెత్తే మనిషి, చిగుళ్ళు మొత్తుకుంటుంటే మాత్రం పట్టించుకోదు. స్టూడియోనుంచి ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, నాలుకతో పంటిని తోసి చూసుకుంది. పన్ను కదిలింది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

ఈ తమ్ముడి సంగతి కాస్త చెప్పుకోవాలి. బట్టతల, బొజ్జ, యాభై రెండేళ్ళు. గడియారాలు బాగుచేసే కొట్టు నడుపుతాడు. ఆవిడకి యాభై ఆరు. కానీ వయసు తెలిస్తే హీరోయిన్లకి గొంతిచ్చే అవకాశాలు పోతాయన్న భయంతో ఎప్పుడో పన్నెండేళ్ళు గీసిపారేసి, ఇప్పుడు నలభై నాలుగని చెప్పుకుంటోంది. అలా గీసేసరికి తమ్ముడు పెద్దవాడైపోయాడు. అందుకని నలుగురిలో ఉన్నప్పుడు ఆవిడ అతన్ని "అన్నయ్యా" అని పిలుస్తుంది, అతను "ఏమ్మా" అని పలుకుతాడు. పదిహేనేళ్ళుగా ఇదే నాటకం. "ఇంకొన్నాళ్ళుపోతే నన్ను బాబాయిని చేస్తావేమో అక్కా" అని ఇంట్లో గొణుక్కుంటాడు పాపం.

తన చిగుళ్ళు చూసే డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాడు. కార్డుమీద పాపగారు అలవాటుకొద్దీ నలభై నాలుగని రాసింది. చేయి ఏమాత్రం తడబడలేదు.

డాక్టరమ్మ మితంగా మాట్లాడే మనిషి. పాపగారిని కుర్చీలో వెనక్కి వాల్చి, గీతలున్న సన్నటి కడ్డీని ఒక్కో పంటికీ చిగురుకీ మధ్య దించుతూ, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో పైకి చెబుతుంటే, అసిస్టెంటమ్మాయి కంప్యూటర్లో కొట్టుకుంటోంది. "మూడు దాకా అయితే భయం లేదు" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలా చెప్పకుండా ఉన్నా బాగుండేది.

"మూడు, రెండు, మూడు. నాలుగు, మూడు, నాలుగు." వెనక దవడ దగ్గర, "ఎనిమిది." ముందు పళ్ళ దగ్గరికొచ్చేసరికి, "ఆరు, ఆరు, ఏడు."

నోరు తెరిచి ఉండటంవల్ల పాపగారు అయ్యబాబోయ్ అని కూడా అనలేకపోయింది.

తర్వాత తెరమీద ఎక్స్‌రే పెట్టి డాక్టరమ్మ చెప్పింది. "మేం రెండు చూస్తామండీ. ఇప్పటిదాకా ఎంత నష్టం జరిగిందీ, ఎంత వేగంగా జరుగుతోందీ. నష్టం మూడో దశలో ఉంది. వేగం తెలియాలంటే పాత ఎక్స్‌రేలు కావాలి. ఉన్నాయా?"

"లేవండీ."

"అయితే ఒక లెక్క ఉంది. పంటిచుట్టూ ఎముక ఎంత శాతం తగ్గిందో, దాన్ని వయసుతో భాగిస్తాం. ఫలితం ఒకటి దాటితే జబ్బు పరుగెడుతున్నట్టే. మీకు యాభై శాతం పోయింది, వయసు నలభై నాలుగు. ఒకటి దాటింది. సి గ్రేడు, అన్నిటికన్నా వేగమైంది." డాక్టరమ్మ నొసలు చిట్లించింది. "సిగరెట్టు లేదు, షుగరు లేదు. ఇంత తొందరెందుకో నాకే అర్థం కావడం లేదు. ఈ వేగంతో పోతే ముందు పళ్ళు నాలుగూ అయిదారేళ్ళు కూడా నిలవవు. ఇంకా కాస్త ఎముక మిగిలి ఉండగానే తీసేసి, ఇంప్లాంట్లు పెట్టించుకోండి. అదీ నా సలహా."

తీసేసి! పాపగారు నాలుకని ముందు పళ్ళ వెనక ఆనించింది. త, ద, న, స. చిన్నప్పుడు పంతులమ్మ వీటిని దంత్యాలని చెప్పింది, పళ్ళ దగ్గర పుట్టే అక్షరాలని. యాభయ్యేళ్ళుగా ఆవిడ నాలుక ఈ నాలుగు పళ్ళ వెనక తడుముకుంటూ తెలుగు పలికింది. కొత్త పళ్ళకి ఆ నాలుక అలవాటు పడేదెప్పుడు, మళ్ళీ మైకు ముందు నిలబడేదెప్పుడు?

అంతలో ఆవిడకి ఆ భాగహారం సంగతి బుర్రకెక్కింది. కింద ఉన్న అంకె పెరిగితే ఫలితం తగ్గుతుంది కదా! చల్లగా తమ్ముడివైపు చూసింది. గడియారాల చక్రాలూ వాటి పళ్ళూ లెక్కపెట్టి బతికేవాడు, అతనికి ఇంకా ముందే తెలిసిపోయింది. సీలింగు ఫ్యానుకేసి చూస్తూ చెమట తుడుచుకుంటున్నాడు. చివరికి ఆగలేకపోయాడు.

"చెప్పెయ్యక్కా!"

డాక్టరమ్మ కలం ఆగింది. అతన్నీ, కార్డునీ, పాపగారినీ మార్చి మార్చి చూసింది. "మీకు యాభై రెండు కదండీ? ఈవిడ మీకు అక్కా?"

అసిస్టెంటమ్మాయి పాపగారి గొంతుకి వీరాభిమాని, ఇందాకే చెప్పుకుంది. ఇప్పుడు కళ్ళింతలు చేసుకుని చూస్తోంది. అబద్ధం పాపగారి నాలుక చివరే ఉంది: మా ఇంట్లో ఆడపిల్లని ముద్దుగా అక్కా అంటామండీ. ఎంత బావుంది! ఎవరైనా నమ్ముతారు. నమ్మితే పళ్ళు నాలుగూ పళ్ళెంలో పడతాయి.

"యాభై ఆరు," అంది. హీరోయిన్ గొంతు కాదు, బొంగురుపోయిన సొంత గొంతు. "నిండి మూడు నెలలైంది."

డాక్టరమ్మ నవ్వలేదు. కార్డుమీద అంకె కొట్టేసి, మళ్ళీ భాగించింది. "ఒకటికి లోపలే. బి గ్రేడు. చూడండీ, మీ పళ్ళు అవే, లోతులూ అవే. కానీ ఈ జబ్బు పరుగెత్తడం లేదు, నడుస్తోంది. నడిచేదాన్ని ఆపడానికి మనకి వ్యవధి ఉంటుంది."

"అంటే పీకరా?"

"ఇప్పుడైతే పీకను. లోపలిదాకా శుభ్రంచేసి, మూడు నెలల తర్వాత మళ్ళీ కొలుస్తా. హామీ మాత్రం అడక్కండి."

బయటికొచ్చి మెట్లమీద నిలబడి, పాపగారు తమ్ముణ్ణి కడిగేసింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు కదరా!"

"నానితే నీ నోట్లో పళ్ళుండేవా?" అన్నాడతను. ఆవిడ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఇద్దర్నీ వింతగా చూశారు.

ఆ తర్వాత నాలుగు విడతలు మత్తిచ్చి చిగుళ్ళకింద గీకారు. కదిలే పళ్ళని వెనకనుంచి సన్నటి తీగతో ఒకదానికొకటి కట్టి, ఈల వేసే సందుని కూడా పూడ్చారు. రోజూ రెండుపూటలా పళ్ళ సందుల్లో చిన్న బ్రష్షు తిప్పాలి. మొదటివారం నెత్తురు చూసి కళ్ళు తిరిగాయి, అయినా ఈసారి కుళాయి తిప్పి తప్పించుకోలేదు. అసిస్టెంటమ్మాయి ఊరంతా టాంటాం వేస్తుందని హడలిపోయింది గానీ, విషయం ఎక్కడా పొక్కలేదు. వెనక దవడపన్ను ఒక్కటి దక్కలేదు. దానికి చాలా బాధపడింది.

మూడు నెలల తర్వాత మళ్ళీ అదే కుర్చీ. కడ్డీ ముందు పళ్ళదాకా వచ్చేసరికి పాపగారు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మూడు," అంది డాక్టరమ్మ. "మూడు. నాలుగు." కాసేపాగి, "మూడు."

అసిస్టెంటమ్మాయి అంకెలు కొట్టడం మానేసి చప్పట్లు కొట్టింది. డాక్టరమ్మ ఆ పిల్లకేసి ఉరిమి చూసి, తనూ నవ్వేసింది.

"నిలబడ్డాయండీ. ఇలాగే చూసుకుంటే ఇంకో పదేళ్ళు మీతో ఉంటాయనే నా అంచనా. అప్పటికి మీకు అరవై ఆరు."

అరవై ఆరు. ఆ అంకె వింటే ఒకప్పుడు పాపగారు చెవులు మూసుకునేది. ఇప్పుడు కుర్చీలోంచి లేచి కూర్చుని, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అరవై ఆరుతో ఆపేశారేం డాక్టరమ్మా? డెబ్బై ఆరుకి కూడా లెక్కకట్టండి."