తలుపు మీది రాయి

నాగేందర్ సారుకు ఏ గోడ చూసినా కొలవాలనిపిస్తుంది. డ్రాయింగ్ మాస్టరుగా రిటైరైనా ఆ బుద్ధి పోలేదు. మునగాల పక్కన వాళ్ల ఊరి తండాలో ఉన్న చిన్న చర్చికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. దాని చరిత్ర నాలుగు ముక్కలు రాసిస్తే రాతి మీద చెక్కిస్తామని జీవన్ పాస్టర్ అడగ్గానే టేపు పట్టుకుని బయల్దేరాడు.

రాతి గోడలు, సున్నం పూత, పైన బెంగుళూరు పెంకులు. వాకిలి మాత్రం మరీ పొట్టి. నడుం వంచితే గాని లోపలికి పోలేరు. "దేవుని ముందు తల వంచాలనే వినయంతో పెద్దలు ద్వారాన్ని చిన్నగా కట్టారు" అని రాశాడు. ఆ వాక్యం తనకే ముచ్చటేసి, అరుగు మీద కూర్చున్న సుక్కికి చదివి వినిపించాడు. ఎనభై దాటిన సుక్కి, ఆ చర్చి కట్టిన బిచ్చా కూతురు.

"వినయమెక్కడిది సారూ," అంది సుక్కి. "మా నాయిన నిలువెత్తు తలుపే పెట్టిండు. దాని మీద సిలువ చెక్కిన రాయి ఎక్కిచ్చిండు. చర్చి తన ఇంటి కన్న ఎత్తు కనబడుతున్నదని మీ పటేల్ తాత మనుషుల్ని తోలి గోడలు రెండు వరసలు కూలగొట్టిపిచ్చిండు. గప్పటి సంది గిట్ల వంగి పోవుడే."

"మరి ఆ రాయి ఏమైంది అవ్వా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట తనే ఎత్తాడు.

"బండిల ఏసుకపోయిన్రు. ఎటు పోయిందో నాకెరుకలేదు."

నాగేందర్‌కు ఎరుకే. వాళ్లింట్లో బోరింగు దగ్గర కాళ్లు కడుక్కునే బండ అది. అతని పదో ఏట బోరింగు వేయడానికి దాన్ని పెకిలిస్తే అడుగువైపు సిలువ కనబడింది. "నీకెందుకుర, అవతలికి పో," అని నాయనమ్మ కసిరి, మళ్లీ బోర్లా వేయించింది. అది ఎక్కడిదని అతను ఏనాడూ అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయం. ఊళ్లో గోడలన్నీ కొలిచిన మనిషి ఆ బండకు మాత్రం టేపు పెట్టలేదు. సిగ్గుతో సుక్కి ముఖం చూడలేకపోయాడు.

ఇంటికొచ్చి, అలవాటుగా కాళ్ల మీద నీళ్లు పోసుకోబోయి ఆగాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పొద్దున పాస్టర్ వచ్చి కాగితం తీసుకుపోతాడు, వినయం రాతికెక్కుతుంది, అంతే.

తెల్లారి, పాస్టర్ రాకముందే ఇద్దరు కూలీలతో బండ లేపించి, ట్రాలీ ఆటోలో చర్చికి తెచ్చి గోడకు ఆనించాడు. తాత పేరుతో సహా ఉన్నది ఉన్నట్టు రాసిన కాగితం పాస్టర్ చేతిలో పెట్టాడు.

సుక్కి వంగి, మట్టి గీకి, కొంగుతో తుడిచి, సిలువ గాడిలో వేలు పెట్టి చూసింది.

"మా నాయిన చెయ్యే," అంది. తర్వాత చేయి వెనకవైపుకు పోయింది. "ఈడ నున్నగ గుంత వడ్డది, ఏంది సారూ?"

"మా కాళ్లు అవ్వా," అన్నాడు నాగేందర్. "మూడు తరాల సంది దాని మీదనే కడుక్కున్నం."

నాలుగు తిట్టినా బాగుండునని అతను తల వంచుకుని నిలబడ్డాడు. సుక్కి సిలువ తుడిచిన కొంగుతోనే ఆ గుంతను కూడా తుడిచింది.