దిష్టి ఉప్పు

తొంభై ఎనిమిది వేసవిలో సంగతి. మా కోడలు నాగమల్లేశ్వరి మంచం పట్టి తొమ్మిది రోజులైంది. జ్వరం లేదు, దగ్గు లేదు. అన్నం పెడితే కెలికి "చాలత్తా" అనేది, గోడ వైపు తిరిగి పడుకునేది. హంసలదీవిలో చేపలు ఎండబెట్టుకుని బతికే ఇంట్లో ఆడమనిషి పగలు పడుకుంటే ఒళ్లు బరువంటారు. నేనూ అదే అన్నాను. నోరు కట్టేసుకునే అలవాటు నాకెక్కడిది!

అంతకు నెల ముందు, తొట్టెలో ఊరేసిన చేపలు ఉప్పు చాలక పురుగు పట్టాయి. మూడు తట్టలు ఇసుకలో పూడ్చిపెట్టాం. నా కొడుకు శ్రీను ఎవర్నీ ఒక్క మాట అనలేదు. మల్లేశ్వరే "నా తప్పే" అంది. అది కొత్తేం కాదు. వాన పడి చేపలు తడిసినా తన తప్పే, వల చిరిగినా తన తప్పే. పదకొండేళ్లుగా అంతే. "మా కోడలు వంకలు చెప్పదు" అని వాడంతా చెప్పుకుని మురిసేదాన్ని. ఈసారి మాత్రం ఆ మాట ఆమెను వదల్లేదు. పడుకున్నా లేచినా మనసు ఆ తొట్టె దగ్గరే.

దిష్టి అనుకున్నాను. ఆ సాయంత్రం కూర్చోబెట్టి, గుప్పిట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని తల చుట్టూ తిప్పబోయాను. ఉప్పు చేతికి తగిలేసరికి తిప్పబోయిన చెయ్యి ఆపేశాను. ఆ రోజు ఆఖరి వరసకి ఉప్పు చల్లాల్సింది నేను. ఎవరో పిలిస్తే వెళ్లి, మాటల్లో పడి మరిచిపోయాను. కోడలు తనమీద వేసుకుంటే ఊరుకున్నాను. అత్తగారి పెద్దరికం, ఇంకేముంది.

"మల్లీ, ఉప్పు తక్కువేసింది నేనేనే. నీ తప్పేం లేదు తల్లీ, లే," అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

తలెత్తి చూసింది. లేస్తుందనుకున్నాను.

"నువ్వు మర్చిపోతావని నాకు తెల్సుగా అత్తా," అంది మెల్లగా. "చూసుకోవాల్సింది నేనే కదా."

ఇన్నేళ్లు నేను మురిసిన మాటే అది. మొదటిసారి వింటే భయమేసింది. ఆ ఉప్పు పొయ్యిలో వెయ్యలేదు, తీసుకెళ్లి డబ్బాలో పోసేశాను. రేపు పొద్దున్నే చల్లపల్లి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్దామని శ్రీనుతో చెప్పాను.

మర్నాడు బస్సులో మా ఇద్దరి మధ్యా కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది:

"నావల్ల మీ ఇద్దరి పనీ చెడింది."