చక్కెర తక్కువైన చోట

నళిని గోరువెచ్చని చక్కెర నీళ్ళలో ఈస్టు కలిపి మూత పెట్టింది, మళ్ళీ తీసి చూసింది. నురగ రాలేదు. చచ్చిపోయిందేమో, బన్నులు లేవవేమో, సాయంత్రం పెళ్ళికొడుకు దర్శన్ వాళ్ళ అమ్మానాన్నలు కూతురు అర్పితతో సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చేసరికి ఇంట్లో రభస నడుస్తుంటుందేమో. భయంతో ఇంకో గుప్పెడు చక్కెర పోయబోయింది.

"వద్దుమా, ఎక్కువైతే మందగిస్తాది," అంది గడప మీద కూర్చున్న కూతురు. అర్పిత ల్యాబులో చేసే పరిశోధన ఈస్టు మీదే. పెళ్ళయితే అది మానేయాలని దర్శన్ వాళ్ళ మాట.

ఇంత చిన్న ప్రాణికి చక్కెర ఎక్కడుందో ఎట్లా తెలుస్తుందని నళిని అడిగింది. దాని పైపొర మీద పసిగట్టేవి ఉంటాయనీ, బయట చక్కెర తక్కువైతే అవి లోపలికి కబురు పంపుతాయనీ, అప్పుడది ఒక్క నలుసునూ వదలకుండా పట్టుకునే వాకిళ్ళు కట్టుకుంటుందనీ అర్పిత చెప్పింది. చక్కెర దండిగా దొరికితే ఆ వాకిళ్ళతో పనే లేదట.

పిండి జల్లిస్తున్న నళిని చేతులు ఆగిపోయాయి. కాటన్‌పేటలో ఇంటి ముందే ఉన్న ఈ బేకరీకి పిండి పిసికేది, ట్రేలు కడిగేది తను. బోర్డు మీద పేరు భర్త నాగరాజ్‌ది. "ఇంట్లో ఉండేదానివి, నీకేం కష్టం" అనేది ఆయన రోజువారీ మాట. ఎప్పుడో ఎవరో బన్ను మెచ్చుకుంటే "మా ఆమె చేసిందే" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఎన్నేళ్ళు బతికింది! ఆయన అడుగుల చప్పుడులో, కంచం జరిపే తీరులో కూడా తీపి వెతుక్కుంది. అది తన ఓర్పు అనుకుంది. ఓర్పు కాదు, లేమి కట్టించిన వాకిళ్ళేనని ఇప్పుడు తోచింది.

"ల్యాబు వదిలేదానికి మనసొప్పిందా పాపా?"

"దర్శన్ మంచోడేమా. పోయినవారం ఫోన్ చేసి తిన్నావా అని అడిగినాడు. నాకది చాలు."

చెబుతుంటే ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. నళిని ఇన్నాళ్ళూ బస్సులకు భయపడింది, ల్యాబులో యాసిడ్లకు భయపడింది. ఈ మెరుపుకు భయపడాలని తెలియలేదు.

పిండి చేత్తోనే కూతురి చెంప నిమిరింది. "నన్ను చూసి నేర్చుకున్నావే తల్లీ. అది చాలదు. నిజం చెప్పు, మానాలని ఉండాదా?"

 అర్పిత లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, అమ్మ భుజంలో మొహం దాచుకుంది.

నళిని లేచి అంగడి ముందుకు వెళ్ళింది. గల్లా దగ్గర నాగరాజ్ ఉన్నాడు. ఆయన మొహం ఎట్లా ఉందో చూడకుండానే చెప్పింది.

"సాయంత్రం వాళ్ళని రావద్దని చెప్పండి. పాప ల్యాబు మానదు."